తదియ నాటి పాటు

దీపావళి సోమవారం వచ్చింది. నేను గుడివాడ నుంచి బయల్దేరింది ఆ గురువారం, పొద్దున ఆరూ నలభై బస్సుకి. పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు. కోడూరులో దిగి షేర్ ఆటో ఎక్కేసరికి పదీ ఇరవై. ఇవన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. రాసిపెట్టుకోని రోజు జరగనట్టే ఉంటుంది నాకు.

మా చెల్లి హంసలదీవి వైపు, కరకట్టను ఆనుకుని ఉన్న ఒక పల్లెలో ఒక్కతే ఉంటుంది. నాకు డెబ్బై రెండు, దానికి అరవై ఆరు. మేం పుట్టిన ఊరే అది. మా నాన్న అక్కడే పీతలు పట్టి, వల కట్టి మమ్మల్ని పెంచాడు. నేను చదువుకుని గుడివాడ చేరాను. అది చదువు మానేసి నాన్న వెనకాల బురదలోకి దిగింది. ఇప్పటికీ దిగుతూనే ఉంది. నేను వెళ్ళడానికి కారణం కూడా అదే.

దాని కొడుకు బందరులో ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. దసరా సెలవుల్లో నాకు ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, అమ్మ నా మాట వినదు. ఈ వయసులో ఒంటరిగా అంత దూరం బురదలోకి వెళ్తోంది. కాలు జారితే చూసేవాడు లేడు. బందరు వచ్చేసి నా దగ్గర ఉండమంటే, నీ మేడ మీద నాకు ఊపిరాడదురా అంటుంది."

"నేను చెప్తే మాత్రం వింటుందా?"

"చెప్పడం కాదు, చూడు. ఒక్కరోజు అమ్మతోపాటు వెళ్ళు. ఇంకా తిరగగలదు అని నువ్వంటే నేనింక నోరెత్తను. కాదంటే ఆ ఆదివారమే బండి తెచ్చి సామాను ఎక్కించేస్తా. నువ్వు పొరపాటు చెప్పవు, నాకు తెలుసు."

ఆ ఆఖరి మాటకు నేను పొంగిపోయాననే చెప్పాలి. నోటుబుక్కులో ఒక పేజీలో నాలుగు గడులు గీశాను. నడక, చూపు, ఆయాసం, జ్ఞాపకం. ఒక్కోదానికి ఇరవై ఐదు మార్కులు.

గురువారం సాయంత్రం అన్నం తింటూ చెల్లి అడిగింది. "మార్కులెయ్యడానికి వచ్చావా అక్కా?"

"ఎవరు చెప్పారు?"

"నీ మొహమే చెప్తోంది. చిన్నప్పుడు నా పలక చూసేటప్పుడు ఇట్టాగే ఉండేది."

నేను దాచలేదు. వాడు అడిగింది అడిగినట్టు చెప్పాను. అది కొంచెంసేపు కంచంలో మెతుకులు పక్కకి జరిపింది. "తప్పితే బందరు. అంతేగా?" అంది. "రెండు గదులు. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. ఆర్నెల్ల క్రితం పది రోజులున్నాను. పదకొండో రోజున పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా బస్టాండుకి వెళ్ళిపోయా."

నాకు ఆ సంగతి తెలీదు. అయినా మనసులో నేను ఒక నిర్ణయానికి వచ్చేసే ఉన్నాను. అరవై ఆరేళ్ళ మనిషి ఒంటరిగా అక్కడికి వెళ్ళకూడదు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. నీళ్ళు ఎక్కడం పోటు, దిగడం పాటు. పాటుకి సముద్రం వెనక్కి వెళ్ళినప్పుడు మా ఊరి ముందు కిలోమీటరు మేర బురద నేల బయటపడుతుంది. దాన్ని పర్ర అంటాం. పర్ర మీద పని అంతా ఆ కొద్ది గంటల్లోనే. నీళ్ళు నడుం లోతు ఉండగానే వాటి దారికి అడ్డంగా కర్రలకు వల కట్టాలి. నీళ్ళు వల సందుల్లోంచి దిగిపోతాయి, చేప ఇవతలే మిగులుతుంది. నీళ్ళు పూర్తిగా దిగాక నడిచి వెళ్ళి ఏరుకోవాలి. ఏరుకున్నాక నీళ్ళు తిరిగి రాకముందే గట్టెక్కాలి. పర్రకీ గట్టుకీ మధ్య ఒక పాయ ఉంది. సముద్రం తిరిగి వచ్చేటప్పుడు ముందు నిండేది మన వెనక ఉన్న ఆ పాయే. ఎదురుగా నీళ్ళు కనపడేసరికి వెనక దారి మూసుకుపోయి ఉంటుంది.

అందుకే నాన్నకు ఒక సూత్రం ఉండేది. అమావాస్యకీ పున్నమికీ మధ్యాహ్నం రెండున్నరకు పాటు అడుగంటుతుంది. ఆ తర్వాత తిథికి రెండు ఘడియలు ఆలస్యం, అంటే నలభై ఎనిమిది నిమిషాలు. పాడ్యమికి మూడూ పద్దెనిమిది. విదియకి నాలుగూ ఆరు. తదియకి నాలుగూ యాభై నాలుగు. చవితికి ఐదూ నలభై రెండు. ఆ సమయానికి అరగంట ముందే గట్టు వైపు అడుగు పడాలి. నాన్న ఘడియల్లో చెప్పేవాడు. నిమిషాల్లోకి మార్చింది నేను, ఏడో తరగతిలో ఉండగా. తిథులతో మనకేం పని అని ఒకసారి పాస్టరుగారు అడిగితే నాన్న, "ప్రార్థన యేసయ్యకేనండి. పాటు మాత్రం చంద్రుడి చేతిలో ఉందండి" అన్నాడు.

శుక్రవారం పొద్దున నేను నోటుబుక్కులో లెక్క వేశాను. గుడివాడలో మా గోడకు వేలాడేది చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు. అందులో వాక్యం ఉంటుంది, తిథి ఉండదు. కానీ సెలవులు ఎర్ర అంకెల్లో ఉంటాయి. సోమవారం దీపావళి, అంటే అమావాస్య. మంగళవారం పాడ్యమి, బుధవారం విదియ, గురువారం తదియ, శుక్రవారం చవితి. నాలుగు రెళ్ళు ఎనిమిది ఘడియలు, మూడు గంటల పన్నెండు నిమిషాలు. రెండున్నరకు కలిపితే ఐదూ నలభై రెండు. దానికి అరగంట ముందు, ఐదూ పన్నెండుకి వెనక్కి తిరగాలి. కింద గీత గీసి రెండుసార్లు సరిచూశాను.

"నువ్వెలా లెక్క కడతావే?" అని చెల్లిని అడిగాను.

"నేనేం కడతాను? రోజూ వెళ్తాగా. నిన్నటికంటే కొంచెం ఆలస్యంగా వెళ్తా."

"కొంచెం అంటే?"

"కొంచెం అంటే కొంచెమే."

జ్ఞాపకం గడిలో పదిహేను వేశాను.

పక్కింటివాళ్ళు సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. ఆయనకు చిన్న పడవ ఉంది. ఆవిడ చెల్లిని వదినా అంటుంది, నన్ను టీచరుగారూ అంటుంది. ఆ పొద్దున దడి అవతల రోట్లో నువ్వులూ బెల్లం దంచుతోంది.

"టీచరుగారూ, రేపుంటారు కదండీ? రేపు పుట్టలో పాలు పోసొచ్చాక చిమ్మిలి పెడతాను."

"ఉంటానమ్మా. నాకు షుగరు, కొంచెమే పెట్టు" అన్నాను. నోటుబుక్కులో కూడా రాసుకున్నాను: రేపు, చిమ్మిలి.

మధ్యాహ్నం చెల్లి పక్కింటాయన పడవలో పాయ దాటి, నడుం లోతు నీళ్ళలో నిలబడి వల కట్టి వచ్చింది. అది గట్టెక్కాక ఊపిరి చూసి ఆయాసానికి ఇరవై వేశాను. మూడుంబావుకి ఇద్దరం బయల్దేరాం. ఫోన్లు తడుస్తాయని రెండూ ఇంట్లోనే పెట్టించాను. అదీ నేనే. వాచీ మాత్రం చేతికి ఉంచుకున్నాను, నోటుబుక్కు బొడ్లో దోపుకున్నాను.

పాయ దాటేటప్పుడు నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. అవతల పర్ర మీద అది ముందు, నేను వెనక. "నేను వేసిన అడుగులోనే నీ అడుగు వెయ్యి" అంది. దాని నడక చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. అది తిన్నగా వెళ్ళదు. ఓ చోట కుడికి, ఓ చోట ఎడమకి, ఏమీ లేని చోట చుట్టు తిరిగి వెళ్తుంది. నేల అంతా ఒకేలా నల్లగా మెరుస్తోంది. ఎందుకు చుట్టు తిరుగుతున్నావంటే, "అక్కడ మెత్తన" అంది. నడకకి ఇరవై మూడు. రెండు ఎందుకు తగ్గించానో ఇప్పుడు గుర్తు లేదు.

మధ్యలో రెండు పీతల్ని పట్టింది. మడచెట్ల మొదట్లో బొరియ చూసి, వంపు తిరిగిన ఇనప ఊచ లోపలికి పెట్టి, చెవి బురదకు ఆనించినట్టు వంగి, ఒక్క లాగు లాగింది. కాలితో వీపు మీద తొక్కిపెట్టి గిట్టలు తాడుతో కట్టేసింది. నేను వాచీ చూశాను. ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

వల దగ్గరికి చేరేసరికి నాలుగూ పది. వల ఇవతల మడుగులా నీళ్ళు మిగిలి, అందులో చేపలు వీపులు బయటపెట్టి కొట్టుకుంటున్నాయి. జెల్లలు, రొయ్యలు, రెండు పండుగప్పలు. ఇంకా దారి ఉందేమోనని వలని తలతో పొడిచి, వెనక్కి తిరిగి, మళ్ళీ అక్కడికే వస్తున్నాయి. చెల్లి ఏరి సంచిలో వేస్తోంది. నాలుగూ ముప్పై ఐదుకి నడుం నిటారు చేసి చుట్టూ చూసింది.

"అక్కా, వల విప్పేస్తాను. పోదాం."

"అప్పుడేనా? సగం నీళ్ళు ఇంకా దిగలేదు."

"ఇంక దిగవేమో."

"పాటు అడుగంటడానికి ఇంకా గంటా ఏడు నిమిషాలుంది. ఇంకా బోలెడు చేప వస్తుంది కదే."

"చిన్న పీతలు చూడు, బొరియలు మూసుకుంటున్నాయి."

చూశాను. గోళీకాయంత ఎర్రపీతలు బురద ఉండల్ని నెట్టుకుంటూ కన్నాల్లోకి దిగి లోపల్నించి మూతలు వేసుకుంటున్నాయి. "పీతలకు వాచీ ఉందా?" అన్నాను. క్లాసులో వెనక బెంచీవాడు తప్పు చెప్పినప్పుడు వాడిన గొంతే అది. "నాన్న లెక్క ఇది. నాది కాదు."

నాన్న పేరెత్తేసరికి అది మళ్ళీ వంగి ఏరడం మొదలుపెట్టింది. నేను చూపు గడిలో పన్నెండు వేశాను, లేని భయాలు చూస్తోందని.

ఐదింటికి మళ్ళీ అంది. "నురగ వెనక్కి తిరిగింది."

"గాలికి" అన్నాను.

ఐదూ ఐదుకి అది నన్ను అడగలేదు. వల విప్పి చుట్టేసింది. "పద" అంది. ఇంకా ఏడు నిమిషాలుందని నా నోటి దాకా వచ్చింది. కానీ అప్పటికి మా పాదాల దగ్గర మడుగు, తగ్గాల్సింది, మడమల దాకా ఉంది. ఎలాగో నాకు అర్థం కాలేదు. కంగారు పడ్డాను. గట్టు ఎదురుగా కనపడుతోంది, తిన్నగా నడిస్తే దగ్గర. అది చుట్టు తిరిగిన చోట నేను తిన్నగా వెళ్ళాను.

మూడో అడుగుకి ఎడమ కాలు మోకాలి దాకా దిగింది. లాగడానికి కుడికాలి మీద బరువు వేశాను, అదీ పిక్క దాకా దిగింది. ఇంకోసారి లాగేసరికి ఎడమది తొడ దాకా వెళ్ళిపోయింది. సిమెంటులో పాతినట్టు పట్టేసింది. కింద బురద చల్లగా ఉంది. ఆ చల్లదనం ఎముకలోకి ఎక్కుతోంది.

చెల్లి వెనక్కి వచ్చింది. పరుగెత్తలేదు. చుట్టు తిరిగి, నేల చూసుకుంటూ వచ్చింది.

"కదలకు. కూర్చో."

"బురదలోనా?"

"కుర్చీ తెప్పించనా టీచరమ్మకి? కూర్చోమంటే కూర్చో."

కూర్చున్నాను. కుడికాలు దానంతటదే కొంచెం కొంచెంగా పైకి తేలింది. ఎడమది రాలేదు. చంకల కింద చేతులు వేసి లాగమన్నాను. అది తల అడ్డంగా ఊపింది.

"లాగితే కీలు ఊడుద్ది గానీ కాలు రాదు. నీళ్ళు రావాలి. నీళ్ళు చేరితే బురద పలచనవుద్ది, అప్పుడు వదులుద్ది."

"నీళ్ళొస్తే మునుగుతాం కదే!"

"మునిగేలోపు వదులుద్ది."

"ఎంతసేపట్లో?"

"వదిలినప్పుడు."

"అది జవాబా?"

"నాకు తెలిసిన జవాబు అదే అక్కా."

నా వీపుకి వీపు ఆనించి అదీ కూర్చుంది, నేను వెనక్కి పడిపోకుండా. ఐదూ పద్దెనిమిది. పాయ వైపు చూస్తే, వచ్చేటప్పుడు సన్నటి చారలా ఉన్నది ఇప్పుడు వెడల్పుగా మెరుస్తోంది. నీళ్ళు లోపలికి, ఊరి వైపుకి పారుతున్నాయి. అంటే పోటు ఎప్పుడో మొదలైంది. గాలి కాదు. నా లెక్క తప్పింది.

కదల్లేని మనిషికి ఆలోచించడం తప్ప పని ఉండదు. నేను లెక్కను మొదటినుంచీ మళ్ళీ చేశాను. రెండున్నర సరే. నలభై ఎనిమిది సరే. గుణకారం సరే. అప్పుడు పక్కింటావిడ రోకలి చప్పుడు గుర్తొచ్చింది. రేపు పుట్టలో పాలు పోస్తానంది. పుట్టలో పాలు పోసేది నాగుల చవితికి. చవితి రేపైతే ఇవాళ తదియ. ఆవిడ నా ముందు చెప్పింది. నేను షుగరు అన్నాను. పుస్తకంలో రాసుకున్నాను కూడా.

తర్వాత తెలుసుకున్నాను, దీపావళిని అమావాస్య రాత్రికి చేస్తారు. ఆ సోమవారం అమావాస్య వచ్చిందే మధ్యాహ్నం దాటాక. మర్నాడు సూర్యోదయానికి కూడా అమావాస్యే. తిథి లెక్కకి సూర్యోదయం ముఖ్యం, కాబట్టి అమావాస్య మంగళవారం. హిందువుల ఇళ్ళలో చిన్న పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. నాన్న ఇందులో ఎన్నడూ పొరపడలేదు, ఎందుకంటే ఆయన ఎప్పుడూ సొంతంగా తిథి లెక్కపెట్టలేదు. రోజూ పొద్దున్నే దడి దగ్గర నిలబడి, "బావా, ఇవాళ తిథేంటి?" అని అడిగేవాడు. పక్కింటి పెద్దాయన పంచాంగం చూసి చెప్పేవాడు. ఆ తర్వాతే గుణకారం. నేను గుణకారం ఒక్కటే నేర్చుకున్నాను.

"ఇవాళ తదియ" అన్నాను.

"ఏంటి?"

"చవితి అనుకున్నాను. ఒక రోజు ఎక్కువ లెక్కపెట్టాను. నాలుగూ యాభై నాలుగుకే నీళ్ళు మళ్ళాయి."

వెనక నుంచి దాని వీపు కదిలింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. "నాకు నాలుగున్నరకే అనిపించింది" అంది.

"మరి ఎందుకు ఊరుకున్నావే?"

"నువ్వు చెప్తున్నావుగా."

నాకు ఒళ్ళు మండింది. దాని మీదా, నా మీదా. "నువ్వు వెళ్ళు. పాయ ఇంకా మోకాలి లోతే ఉంటుంది. వెళ్ళి ఎవర్నైనా పిలుచుకురా."

"నేను అటు తిరగ్గానే నువ్వు లాక్కుంటావు. నీ సంగతి నాకు తెలీదూ?"

"లాక్కోను."

"చిన్నప్పుడు పన్ను కదిలితే రాత్రికల్లా పీకేసుకునేదానివి."

ఐదున్నరకి నీళ్ళు మా దగ్గరికి వచ్చాయి. అల కాదు, చప్పుడు కాదు. కాగితం మందాన ఒక పొర, ముందు అంచున నురగ, నురగలో గడ్డిపోచలు. మా చుట్టూ తిరిగి ముందుకు వెళ్ళిపోయింది. తర్వాత వేలు మందం. తర్వాత జానెడు. కూర్చున్న నాకు నడుం దాకా వచ్చింది. నేను ప్రార్థన చేయబోయాను గానీ మాటలు కుదరలేదు. నోట్లోకి ఎక్కాలే వస్తున్నాయి. పదహారో ఎక్కం. బయటికే అన్నట్టున్నాను.

"గట్టిగా చెప్పు, నేనూ నేర్చుకుంటా" అంది చెల్లి. అని, లేచి నా ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి నా తొడ పక్కనుంచి బురదలోకి భుజం దాకా దించి, వేళ్ళతో కదుపుతూ నీళ్ళకు దారి చేసింది. దాని చెంప నీళ్ళకు తగులుతోంది. "లాగకు. మడమ తిప్పు. ఇటు, అటు. ఇటు, అటు." ఏమీ కదలడం లేదు. నీళ్ళు నా డొక్కల దాకా వచ్చాయి. అది ఊపిరి బిగబట్టి ముఖం నీళ్ళలో పెట్టి ఇంకా లోపలికి చెయ్యి దించింది. తల ఎత్తింది, ఊపిరి పీల్చింది, మళ్ళీ ముంచింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టలేదనే సంగతి కూడా ఇంటికి వెళ్ళాకే తెలిసింది.

మడమ కింద ఏదో జారింది. కాలు ఒక్కసారిగా కాదు, నిద్రలోంచి లేచినట్టు మెల్లగా వచ్చింది.

నిలబడనివ్వలేదు నన్ను. "పాకు" అంది. పాయ దాటే మాట ఎత్తలేదు. అప్పటికి అది మనిషి లోతు ఉంటుంది. పాయ అంచున కొంచెం ఎత్తుగా మడచెట్ల గుంపు ఉంది. చంటిపిల్లల్లా చేతులూ మోకాళ్ళ మీద అక్కడికి పాకాం. చేపల సంచీ వలా ఎక్కడ వదిలేసిందో నేను చూడలేదు. చెట్టు కొమ్మ పట్టుకుని తొడల లోతు నీళ్ళలో నిలబడ్డాక అది ఊరి వైపు తిరిగి కేక పెట్టింది. అంత సన్నటి మనిషిలోంచి అంత గొంతు వస్తుందని నేననుకోలేదు.

పడవ అప్పటికే బయల్దేరి ఉంది. తదియ పాటుకి ఇంత పొద్దుపోయేదాకా వదిన పర్ర మీద ఉండదే అని పక్కింటావిడ గట్టెక్కి చూసి, భర్తని పంపింది. ఆయన గడ వేసుకుంటూ వచ్చి మమ్మల్ని పైకి లాగాడు. మునిమాపు వెలుగులో నా చీరా జుట్టూ చూసి, "పీతలకు పాఠం చెప్తా ఆలస్యమైందా టీచరుగారూ?" అన్నాడు. చెల్లి నవ్వింది. నాకు పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

శనివారం, నాగుల చవితి. పొద్దున ఎనిమిదింటికే కొడుకు బందరు నుంచి బండి మీద వచ్చాడు. పక్కింటాయన ఫోన్ చేసి చెప్పాడట. నా కాలికి కాపడం పెడుతున్న తల్లిని చూసి చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చేశాడు.

"చాలమ్మా. ఇంక ఒక్క మాట వద్దు. పెద్దమ్మ ఉండబట్టి సరిపోయింది గానీ, ఒక్కదానివే ఉండి ఉంటే?"

"పెద్దమ్మ ఉండబట్టే జరిగిందిరా" అన్నాను నేను. లెక్క తప్పింది నేనని, అది నాలుగున్నర నుంచీ రెండుసార్లు వెళ్దామంటే ఆపింది నేనని, కాలు దిగబడింది నాదని వరసగా చెప్పాను.

వాడు నన్ను జాలిగా చూశాడు. "నువ్వు లెక్క తప్పడమేంటి పెద్దమ్మా? అమ్మని కాపాడ్డానికి చెప్తున్నావు."

నోటుబుక్కు తెచ్చి చూపించాను. తడిసి ఆరిన పేజీ. చవితి, ఐదూ నలభై రెండు. కింద గీత. వాడు చదివాడు, అయినా నమ్మలేదు. రాత్రి కూర్చుని రాశావేమో అన్నట్టు చూశాడు. జీవితమంతా తప్పు చెయ్యకుండా ఉన్నందుకు నాకు దక్కింది ఇదా అనిపించింది. నిజం చెప్తుంటే నా మంచి పేరే నా నోరు నొక్కేస్తోంది. ఆదివారం బండి వస్తుంది, చెల్లిని ఎక్కించుకుపోతుంది, నేను చూస్తూ నిలబడాలి.

అప్పుడు పక్కింటావిడ తడి జుట్టు ముడేసుకుని, చిమ్మిలి గిన్నె పట్టుకుని వచ్చింది. పుట్ట దగ్గర్నించి రావడం. విషయం విని, "అవును బాబూ, పొరపాటు టీచరుగారిదే" అంది మొహమాటం లేకుండా. "రేపు పాలు పోసొస్తానని నేను చెప్తే, షుగరుందన్నారు."

వాడు నోటుబుక్కు మూసి పక్కన పెట్టాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు. "సరే. తప్పు పెద్దమ్మదే. కానీ నీకు నాలుగున్నరకే తెలిసిందిగా అమ్మా? తెలిసీ ఎందుకు ఆగావు? ఇట్టా ఎవరో ఒకరు చెప్పారని ఆగిపోయేదానివి, ఒంటరిగా ఎట్టా వెళ్తావు?"

చెల్లి గుడ్డ వేడినీళ్ళలో ముంచి పిండుతోంది. తల ఎత్తలేదు.

"ఒంటరిగా వెళ్తే ఎవరి మాటకు ఆగాలిరా?"

పక్కింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాడు నా వైపు చూశాడు. నేను వాడు పిలిపించిన పరీక్షాధికారిని, తీర్పు చెప్పాలి. "అది వెళ్ళొచ్చు" అన్నాను. "దాని వెనకాల నేను వెళ్ళకూడదు." మార్కులు మాత్రం చెప్పలేదు. మార్కుల పేజీ నీళ్ళకు అలుక్కుపోయి చదవడానికి లేదు. నేనూ మళ్ళీ రాయలేదు.

వాడు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెడకు కట్టుకుని వెళ్ళాలి. గట్టెక్కగానే ఫోన్ చెయ్యాలి. వాడికి డ్యూటీలో ఫోన్ తియ్యడం కుదరదు కాబట్టి నాకు చెయ్యాలి. చెల్లి వెంటనే సరేనంది. నేనూ సరేనన్నాను, అందులో ఏముంది అనుకుని.

రెండు వారాలు కావస్తోంది. రోజూ పొద్దున్నే గుడివాడలో మా పక్కింటావిడను తిథి అడుగుతాను. క్రైస్తవులకి తిథులెందుకండీ అని మొదట్లో నవ్వేది, ఇప్పుడు నేను అడక్కముందే చెప్తోంది. పాటు సమయానికి గంట ముందు నుంచీ ఇంట్లోంచి కదలను. ఆ వేళకి ప్రార్థన కూటం ఉంటే మానేస్తున్నాను. స్నానం ముందే చేసేస్తాను. బజారు పని ముందే చూసుకుంటాను. పర్ర మీద తిరిగేది అది, ఇక్కడ ఈ కుర్చీలో కట్టేసి ఉన్నది నేను.

నిన్న బహుళ పాడ్యమి. పాటు మూడూ పద్దెనిమిదికి. రెండూ నలభై ఎనిమిదికి అది వెనక్కి తిరగాలి, మూడూ నలభై ఐదుకల్లా గట్టెక్కాలి. నాలుగైంది. నాలుగున్నరైంది. స్టవ్ మీద పాలు పొంగి మాడిన వాసన వచ్చినా లేవలేదు. నేను చేస్తే ఎత్తదు. చేతులు బురదలో ఉంటాయి. ఐదూ పదికి మోగింది.

"ఎక్కడున్నావే?"

"ఇంట్లోనే అక్కా. ఎప్పుడో వచ్చా. చేతులు కడుక్కుని, చేపలు బేరమాడేవాడు వస్తే చూసుకుని, అన్నం తిని చేద్దామని..."

"ఎప్పుడో అంటే ఎప్పుడు?"

"ఏమో. ఎండ ఉంది."

దాని నోట్లో ఇంకా అన్నం ఉంది. రెండు పండుగప్పలు పడ్డాయని చెప్పింది, కొత్త వలకి కర్రలు మార్చానని చెప్పింది. నేను ఊఁ కొడుతున్నాను. నోటుబుక్కులో గట్టెక్కిన వేళ అని గీసుకున్న గడిలో ఏం రాయాలో తెలీక, "ఎండ ఉంది" అని రాశాను.

ఇవాళ విదియ. నాలుగూ ఆరు. మూడింటికల్లా పాలు కాచేసి పెట్టుకోవాలి.